144 అక్షరాల జన్యువు కోసం ఆరేళ్లు

భీమవరం దగ్గర ఒక ఊళ్లో మా నాన్నకి మెడికల్ షాపు ఉంది. చిన్నప్పుడు స్కూలు నుంచి రాగానే కౌంటర్ వెనక స్టూలు మీద కూర్చుని హోంవర్క్ చేసుకునేదాన్ని. "ఏవండీ, జొరం తగ్గట్లేదండి, రెండు బిళ్లలివ్వండి" అంటూ ఎవరో ఒకరు వచ్చేవారు. నాన్న స్ట్రిప్పులోంచి రెండు మాత్రలు కత్తెరతో కత్తిరించి, చిన్న కాగితం కవర్లో వేసి ఇచ్చేవారు. ఆ మాత్రలు చాలాసార్లు యాంటీబయాటిక్సేనని, డాక్టరు రాస్తేనే, ఆయన చెప్పినన్ని రోజులే వాడాల్సినవని నాకు అప్పుడు తెలియదు. ఆ మందులు పని చేయని బ్యాక్టీరియా మీదే ఆరేళ్లు పని చేస్తానని అసలే తెలియదు.

ఈ మధ్యే నా పీహెచ్‌డీ వైవా అయింది. "లోపల ఎలా ఉంటుందక్కా?" అని జూనియర్లు అడుగుతుంటారు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతున్నాను, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ తర్వాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్ష రెండుసార్లు రాశాను. లైఫ్ సైన్సెస్ పేపర్లో పార్ట్ సి అనేది ఒకటుంటుంది. 75 ప్రశ్నలిస్తారు, అందులో 25కి మించి రాయకూడదు. ఒక్కోదానికి 4 మార్కులు, తప్పయితే ఒకటి పోతుంది. మొదటిసారి 25 నింపాలన్న తొందరలో తెలియనివీ పెట్టేశాను. రెండోసారి గట్టిగా తెలిసిన 17 మాత్రమే రాశాను, పరిశోధనకి నెలనెలా డబ్బిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వచ్చింది. తర్వాత ఇంటర్వ్యూలు. రెండు చోట్ల తీసుకోలేదు. మూడోది హైదరాబాద్‌లో.

అక్కడ మా గైడ్ అయిన మేడమ్ అడిగిన ప్రశ్న ఒక్కటే గుర్తుంది. "యాంటీబయాటిక్ వేసిన ట్యూబులో బ్యాక్టీరియా పెరగలేదు. ఏమనుకుంటావు?" మందు పని చేసిందండీ అన్నాను. "ఇంకేం కారణం ఉండొచ్చు?" అన్నారు. అసలు కల్చర్, అంటే మనం వేసే బ్యాక్టీరియా, చచ్చిపోయి ఉండొచ్చు. బ్యాక్టీరియా పెరిగే మీడియా తప్పు కలిపి ఉండొచ్చు. ఇంక్యుబేటర్ ఆగిపోయి ఉండొచ్చు. కల్చర్ వేయడమే మర్చిపోయి ఉండొచ్చు. నేను చెబుతున్నకొద్దీ ఆవిడ "ఇంకా?" అంటూనే ఉన్నారు. ఆ "ఇంకా?" ఆరేళ్లూ నా వెంటే ఉంది. 2019 ఆగస్టులో చేరాను. అప్పటి ఫెలోషిప్ నెలకి 31,000 రూపాయలు.

నేను పట్టుకున్న బ్యాక్టీరియా పేరు క్లెబ్సియెల్లా న్యుమోనియే. మన పేగుల్లో ఏ హానీ చేయకుండా ఉండగలదు. అదే ఐసీయూలో ఉన్న మనిషి రక్తంలోకో ఊపిరితిత్తుల్లోకో వెళితే ప్రాణం మీదికి వస్తుంది. మాకాంకీ అనే పోషక పదార్థం పోసిన ప్లేటు మీద గులాబీ రంగులో, జిగురుగా, ఉబ్బిన కాలనీలు, అంటే బ్యాక్టీరియా గుంపులు, వేస్తుంది. లూప్‌తో తాకితే తీగలా సాగేవీ ఉంటాయి. ఆ జిగురు దాని చుట్టూ ఉండే క్యాప్సూల్. మన తెల్లరక్తకణాలకి అది సులువుగా చిక్కకపోవడానికి అదొక ముఖ్య కారణం.

దీనికి మామూలు యాంటీబయాటిక్స్ పని చేయనప్పుడు డాక్టర్లు కార్బాపెనెమ్స్ అనే పెద్ద మందులు వాడతారు. వాటినీ ముక్కలు చేసే ఎంజైములు వచ్చేశాయి. అందులో ఒకటైన ఎన్‌డీఎమ్-1 పేరులో మన రాజధాని ఉంది. ఎన్‌డీ అంటే న్యూఢిల్లీ. ఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్ వెళ్లిన ఒక రోగి దగ్గర 2008లో దొరికిన క్లెబ్సియెల్లాలో దాన్ని మొదట గుర్తించారు. ఊరి పేరు పెట్టడం మీద మన దేశంలో పెద్ద గొడవే జరిగింది. నాకైతే పేరుకన్నా, ఆ ఎంజైముని తయారుచేసే జన్యువు ప్లాస్మిడ్ మీద ఉండటమే భయం. ప్లాస్మిడ్ అంటే ఒక బ్యాక్టీరియా నుంచి మరో బ్యాక్టీరియాకి చేతులు మారే డీఎన్ఏ వలయం. కొడుకుకే కాదు, పక్కింటివాడికీ వెళ్లే ఆస్తి అన్నమాట. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాదకర బ్యాక్టీరియా జాబితాను సవరించినప్పుడు, కార్బాపెనెమ్స్‌కి లొంగని క్లెబ్సియెల్లానే అన్నిటికన్నా పైన పెట్టింది.

కార్బాపెనెమ్స్ కూడా పోయాక డాక్టర్లు వెనక్కి తిరిగి కొలిస్టిన్‌ని తీశారు. అది పాత మందు. కిడ్నీలు దెబ్బతీస్తోందని 1970ల్లో దాదాపు పక్కన పెట్టేశారు. గతిలేక మళ్లీ తెచ్చుకున్నారు. అలాంటి మందుని కోళ్లకి, పశువులకి బరువు పెరగడం కోసం మేతలో కలిపేవాళ్లు. 2019 జులైలో కేంద్రం ఆ వాడకాన్ని నిషేధించింది. ఆ మరుసటి నెలలోనే నేను చేరాను. క్లెబ్సియెల్లా ఈ చివరి మందు నుంచి కూడా ఎలా తప్పించుకుంటోందన్నదే నా ప్రశ్న.

హైదరాబాద్‌లో ఉండి ఈ పని చేయడంలో ఒక బరువు ఉంది. మందుల ఫ్యాక్టరీలకి పేరున్న ప్రాంతం ఇది. పటాన్‌చెరు దగ్గర, సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థ జలాలు చేరే శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. ఆ పేపర్ మొదటిసారి చదివిన రోజు రాత్రి హాస్టల్లో నిద్ర పట్టలేదు. ఇంకోవైపు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనలకి అధిపతిగా ఉన్నప్పుడే, 1948లో, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్ బయటికి వచ్చింది. మా షాపులో అమ్మే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబానిదే. ప్రాణాలు కాపాడిన మందుకీ, ఆ మందుల్ని పాడుచేసిన అలవాటుకీ మా ప్రాంతంతో సంబంధం ఉంది. రెండూ నావే అనిపించేది.

పని మొదలవడానికే చాలాకాలం పట్టింది. ఎథిక్స్ కమిటీ, బయోసేఫ్టీ కమిటీ, ఆస్పత్రితో ఒప్పందం, కోర్సు వర్క్. చేరిన మర్నాడే ప్రయోగం చేసేస్తాననుకునేవాళ్లు ఈ కాగితాల పనికి కొన్ని నెలలు మనసులో పెట్టుకోండి. ఒప్పందం కుదిరాక ఆస్పత్రి మైక్రోబయాలజీ విభాగం వాళ్లు బ్యాక్టీరియా ప్లేట్లు ఇచ్చేవారు. రోగి పేరు, ఊరు ఏమీ తెలియవు. కోడ్ నంబరు, ఏ నమూనా, ఏ వార్డు, అంతే. వాటిని గ్లిసరాల్‌లో కలిపి మైనస్ 80 ఫ్రీజర్లో దాచేదాన్ని. ఒక రోజు తెచ్చిన ప్లేటు మీద "రక్తం, ఎన్‌ఐసీయూ, వయసు 5 రోజులు" అని ఉంది. ఎన్‌ఐసీయూ అంటే పసికందుల ఐసీయూ. మందుల పట్టికలో చివరి గడి దాకా ఆర్, ఆర్, ఆర్. రెసిస్టెంట్, అంటే మందుకి లొంగదు అని. ఆ పాప బతికిందో లేదో నాకు తెలిసే వీలు లేదు, అడగకూడదు కూడా. దానికి నేను పెట్టుకున్న నంబరు కె-14. ఆరేళ్లలో ఎక్కువసార్లు పట్టుకున్న ట్యూబు అదే.

ఇక కొలిస్టిన్ టెస్ట్ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నేను ఎక్కువ దెబ్బ తిన్నది అక్కడే. మిగతా మందులకి కాగితం డిస్కు ప్లేటు మీద పెట్టి, చుట్టూ పడ్డ ఖాళీ వలయం కొలుస్తారు. కొలిస్టిన్ పెద్ద అణువు, ప్లేటులోని అగర్ జెల్లీలోకి సరిగా పాకదు. అందుకని డిస్కు పనికిరాదు. 96 గుంటల ప్లేటులో మందుని సగం, అందులో సగం, అందులో సగంగా పలచన చేసుకుంటూ వెళ్లి, అన్నిట్లో సమానంగా బ్యాక్టీరియా వేసి, 16 నుంచి 20 గంటల తర్వాత ఏ గుంటలో పెరుగుదల ఆగిందో చూడాలి. ఆ కనీస మోతాదే ఎంఐసీ. లీటరుకి 2 మిల్లీగ్రాములు దాటితే రెసిస్టెంట్. బ్రాత్‌లో, అంటే బ్యాక్టీరియా పెరిగే ద్రవంలో, కాల్షియం, మెగ్నీషియం సరిగ్గా ఉండాలి. అన్నిటికన్నా చిక్కు ఏమిటంటే, కొలిస్టిన్ ప్లాస్టిక్‌కి అంటుకుంటుంది. గోడలకి అంటుకున్న మందు బ్యాక్టీరియాని చంపదు కదా.

మూడు నెలలు కష్టపడి ఒక పట్టిక తయారు చేశాను. చాలా బ్యాక్టీరియా రెసిస్టెంట్ అని వచ్చింది. సంతోషంగా మేడమ్‌కి చూపించాను. ఆవిడ నా క్లెబ్సియెల్లా వైపు చూడనే లేదు. "కంట్రోల్ ఎంత వచ్చింది?" అన్నారు. కంట్రోల్ అంటే మందుకి తప్పక లొంగే ప్రామాణిక ఈ. కోలై. దాని ఎంఐసీ 2 దాటకూడదు. నా పట్టికలో 4 ఉంది. నేను చూశాను, చూసి కూడా ఏదో కొద్ది తేడా అనుకున్నాను. మూడు నెలల పట్టిక అంతా ఆ ఒక్క గడితో పోయింది. తప్పు ఎక్కడో వెతకడానికి ఇంకో నెల. చివరికి తేలింది ఏమిటంటే, నేను తీసింది జంతుకణాలు పెంచడానికి లోపల ట్రీట్ చేసిన ప్లేట్ల పెట్టె. పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయి పెట్టెలు. ట్రీట్ చేసిన ప్లాస్టిక్‌కి మందు ఎక్కువగా అంటుకుంటుంది. మామూలు పాలీస్టైరీన్ ప్లేట్లలో మళ్లీ చేస్తే రెసిస్టెంట్ అనుకున్నవాటిలో చాలా మామూలువే. ఆ రోజు వాష్‌రూమ్‌లో ఏడ్చాను. ఆ పట్టిక కాగితం మాత్రం పారేయలేదు, ల్యాబ్ నోట్‌బుక్‌లో అతికించి తేదీ వేశాను. అదే తప్పు ఒక ఆస్పత్రి ల్యాబులో జరిగితే, పనిచేసే మందుని పని చేయదని చెప్పినట్టవుతుంది.

2020 మార్చిలో పెద్దనాన్నగారి ఇంట్లో పెళ్లికని ఊరెళ్లాను. లాక్‌డౌన్ పడింది. నెలల తరబడి షాపులోనే ఉన్నాను, ఈసారి స్టూలు మీద కాదు, కౌంటర్ దగ్గర. ల్యాబులో ఫ్రీజర్‌కి కరెంటు ఉందో లేదోనని రోజూ టెన్షన్. సెక్యూరిటీ అన్నకి ఫోన్ చేసి, "పచ్చ లైటు వెలుగుతోందా అన్నా?" అని అడిగేదాన్ని. ఆయన పాపం మూడో అంతస్తు ఎక్కి చూసి చెప్పేవాడు.

షాపులో అజిత్రోమైసిన్ కోసం జనం వరస కట్టేవారు. కరోనా వైరస్, యాంటీబయాటిక్ వైరస్‌ని చంపదు అని ఒక్కొక్కరికీ చెప్పాను. కొందరు విన్నారు. ఒకాయన "ఇవ్వడానికి బాధేంటమ్మా, డబ్బులిస్తున్నానుగా" అన్నాడు. రాత్రి నాన్నతో గొడవ పడ్డాను. షెడ్యూల్ హెచ్1 మందులకి చీటీ చూసి, డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టర్లో రాయాలని 2014 నుంచి రూలు ఉంది కదా, సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్ చీటీ లేకుండా ఎలా ఇస్తున్నావ్ నాన్నా అని అడిగాను. నాన్న కోప్పడలేదు. "డాక్టరు దగ్గరికెళ్తే ఫీజు, టెస్టులు, ఒక రోజు కూలి పోద్ది తల్లీ. నేనివ్వకపోతే పక్క షాపులో తీసుకుంటాడు. వాడికి జొరం తగ్గాలి, అంతే కదా" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. రెసిస్టెన్స్ మీద జరిగే మీటింగుల్లో ఆ కూలి మాట ఎవరైనా ఎత్తుతారేమోనని ఇప్పటికీ చూస్తుంటాను.

తిరిగి వెళ్లాక అసలు పని మొదలైంది. కొలిస్టిన్‌కి ధన విద్యుదావేశం ఉంటుంది. బ్యాక్టీరియా బయటి పొరకి ఋణావేశం. అందుకే అతుక్కుని పొర చింపుతుంది. క్లెబ్సియెల్లాలో ఎంజీఆర్‌బీ అని చిన్న జన్యువు ఒకటి ఉంది. 144 డీఎన్ఏ అక్షరాలే, దాని నుంచి తయారయ్యే ప్రొటీన్‌లో 47 అమైనో ఆమ్లాలే. మా చేలో కాలవ తూముకి అడ్డం పెట్టే పలక లాంటిది అది. పలక ఉన్నంతసేపు నీరు ఆగుతుంది. ఆ జన్యువు విరిగిపోతే వెనకున్న వ్యవస్థ ఆగకుండా పని చేసి, బయటి పొరకి ఒక చక్కెర అణువుని తగిలిస్తూ పోతుంది. దాంతో పొర ఋణావేశం తగ్గుతుంది. కొలిస్టిన్‌కి పట్టు దొరకదు. ఈ సంగతి ఇటలీ పరిశోధకులు, ఇంకా ఇతరులు ముందే చూపించారు. మన ఆస్పత్రి బ్యాక్టీరియాలో జరుగుతున్నది అదేనా అని నేను చూడాలి.

పీసీఆర్‌తో ఆ జన్యువు కాపీలు పెంచి, వాటి పొడవు చూపించే జెల్ నడిపిన సాయంత్రం ల్యాబులో నేనూ, ఒక సీనియర్ అన్నా ఉన్నాం. జన్యువుకి అటూ ఇటూ కలిపి సుమారు 250 అక్షరాల దగ్గర బ్యాండ్, అంటే వెలిగే గీత, రావాలి. మందుకి లొంగే బ్యాక్టీరియా గడిలో అక్కడే వచ్చింది. కె-14 గడిలో చాలా పైన, 1,400 దగ్గర వెలిగింది. ఇంకా మూడింటిలో అంతే. అన్న దగ్గరికొచ్చి చూసి, "ఏదో దూరింది" అన్నాడు. సీక్వెన్స్ చేయిస్తే నిజమే, ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతే డీఎన్ఏ ముక్క, సుమారు 1,200 అక్షరాలది, జన్యువు మధ్యలో వచ్చి కూర్చుంది. తూము పలక రెండుగా చీలిపోయింది. ఐదు రోజుల పాపకి మందు ఎందుకు లేకపోయిందో ఆ గీత చెబుతోంది. అది చూసి సంతోషపడాలో ఏమో నాకు తెలియలేదు.

అదే జెల్లో చివరి గడి కె-27ది. అది కూడా గట్టి రెసిస్టెంటే. దాని బ్యాండ్ మాత్రం 250 దగ్గరే, ఏ తేడా లేకుండా ఉంది.

మేడమ్ జెల్ ఫోటో చూసి "ఇంకా?" అన్నారు. జన్యువు విరగడం, మందు పని చేయకపోవడం రెండూ కలిసి కనిపించాయి, సరే. ఒకటి వల్లే రెండోది అని రుజువేది? మంచి జన్యువుని ప్లాస్మిడ్ మీద పెట్టి కె-14లోకి పంపాలి. మళ్లీ మందుకి లొంగితేనే నమ్మాలి. దీన్నే కాంప్లిమెంటేషన్ అంటారు. వినడానికి ఒక వాక్యం, చేయడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

మొదటి అడ్డంకి, ప్లాస్మిడ్ లోపలికి వెళ్లిందని తెలియాలంటే దాని మీద ఒక యాంటీబయాటిక్ రెసిస్టెన్స్ గుర్తు ఉండాలి. ఆ యాంటీబయాటిక్ వేస్తే ప్లాస్మిడ్ ఉన్నవే బతుకుతాయి. మా ల్యాబులో ఉన్న ప్లాస్మిడ్ల గుర్తులు ఆంపిసిలిన్, కానామైసిన్, క్లోరాంఫెనికాల్. కె-14 ఈ మూడింటికీ ముందే రెసిస్టెంట్. దేన్ని వేసినా అన్నీ బతుకుతాయి. ఆస్పత్రిలో వాడని హైగ్రోమైసిన్ గుర్తుని ప్లాస్మిడ్‌లోకి ఎక్కించి కొత్తది కట్టుకోవాల్సి వచ్చింది. ఆస్పత్రి బ్యాక్టీరియా మీద పని చేయబోయేవాళ్లు ఈ ఒక్క విషయం మొదటి సంవత్సరమే చూసుకోండి.

రెండో అడ్డంకి క్యాప్సూల్. కరెంటు షాక్ ఇచ్చి డీఎన్ఏ లోపలికి పంపాలంటే కణాల్ని చల్లటి గ్లిసరాల్‌తో పదేపదే కడగాలి. జిగురు వల్ల సెంట్రిఫ్యూజ్‌లో అవి గట్టిగా కింద కూర్చోవు. పైనీళ్లు వంచితే కణాలూ పోతాయి. ఎన్ని ప్లేట్లు ఖాళీగా వచ్చాయో లెక్క లేదు. పెంచేటప్పుడే కొంచెం ఈడీటీఏ అనే రసాయనం వేసి చూడమని సీనియర్ అన్న చెప్పాడు. వేశాను. నీళ్లు వంచడం మానేసి పిపెట్‌తో నెమ్మదిగా తీశాను. 2023 ఫిబ్రవరిలో ఒక ఉదయం ప్లేటు మీద మూడు కాలనీలు. వాటితో మళ్లీ ఎంఐసీ పెట్టాను. మామూలు కె-14 ఎంఐసీ 32. ఖాళీ ప్లాస్మిడ్ ఉన్నది 32. మంచి జన్యువు ఉన్నది 0.5. కంట్రోల్ 0.5. ముందు కంట్రోలే చూశాను. మూడుసార్లు వేర్వేరు రోజుల్లో చేశాక మేడమ్ "ఇంకా?" అనలేదు, లేచి టీ తాగుదాం పద అన్నారు.

తర్వాత ఒక ప్రయోగం నా మనసుకి బాగా దగ్గరైంది. మందు లేని బ్రాత్‌లో కె-14ని 20 రోజులు, రోజూ కొత్త బ్రాత్‌లోకి మారుస్తూ పెంచాను. మందు కనపడకపోతే రెసిస్టెన్స్ వదిలేస్తుందేమోనని ఆశ. ఆదివారం, దీపావళి కూడా వెళ్లాను, ఒక్కరోజు తప్పినా మళ్లీ మొదటికి. ఇరవయ్యో రోజు కూడా 32. ఆ రాత్రి నాన్న ఫోన్లో అడిగారు, "మందు వాడ్డం ఆపేస్తే కొన్నాళ్లకి మళ్లీ మామూలైపోద్ది కదమ్మా?" నా దగ్గరున్నదాంట్లో అవ్వలేదు నాన్నా అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు షాపులో సెఫిక్సిమ్ చీటీ లేకుండా ఇవ్వరు. వచ్చినవాళ్లు కొందరు పక్క షాపుకి వెళ్తున్నారు, అదీ నిజమే.

ఐదేళ్లు నిండగానే, 2024లో, ఫెలోషిప్ ఆగిపోయింది. చివరి సంవత్సరం ట్యూషన్లు చెబుతూ థీసిస్ రాశాను. పేపర్ రెండు జర్నళ్లలో తిరిగి మూడోదానిలో వచ్చింది. ప్రీ-సబ్మిషన్ సెమినార్, ప్లేజియరిజం రిపోర్ట్, బైండింగ్ షాపు, ఇవన్నీ ఎవరికైనా ఒకటే. వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు కె-27 గురించే ఎక్కువసేపు అడిగారు. తెలిసిన జన్యువులన్నీ చూశాను సార్, మొత్తం జీనోమ్ సీక్వెన్స్ చేయించాను, కారణం దొరకలేదు అన్నాను. "థీసిస్‌లో అలాగే రాశారు, మంచిది" అన్నారు.

పోయిన వారం ఫ్రీజర్ పెట్టెలు కొత్తగా చేరిన అమ్మాయికి అప్పగించాను. గ్లవ్స్ వేసుకుని ఒక్కో ట్యూబు తీసి, నంబరు చదివి, రిజిస్టర్లో టిక్ పెట్టుకుంటూ వచ్చాం. కె-27 ఎదురుగా రిజిస్టర్లో నేను ఎప్పుడో పెన్సిల్‌తో రాసుకుంది ఉంది: జన్యువు బాగానే ఉంది, మందు పని చేయదు, ఎందుకో తెలియదు.

ఆ అమ్మాయి అది రెండుసార్లు చదివింది.

"అక్కా, దీన్ని నేను తీసుకోనా?"

"ముందు కంట్రోల్ పెట్టు," అన్నాను.